ఏనుగుగుండు దాకా

ముందు దిశ, తర్వాత ఎత్తు, ఆ తర్వాత వేగం, మళ్ళీ దిశ, అని నవనీత కళ్ళు మూసుకుని లోలోపల అనుకుంటోంది. నది దాటించే గుండ్రటి పుట్టి అడుగున బాసింపట్టు వేసుకుని, కుడిచేతిని ఒళ్ళోని బ్యాగు మీద పెట్టి, ఎడమచేత్తో గాలిలో లేని స్టీరింగు పట్టుకుని, దాన్ని అటొక వెంట్రుకవాసి ఇటొక వెంట్రుకవాసి కదుపుతోంది. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళందరూ ఇట్లాగే కుర్చీల్లో, మంచాల మీద, బస్సుల్లో కళ్ళు మూసుకుని ఎగురుతారు, పెట్రోలు ఖర్చు లేని పని కదా. అయితే కృష్ణలో పుట్టి మీద, పక్కన ఒక మేకను పెట్టుకుని ఎగిరినవాళ్ళు ఈమె తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు. మేక సుల్తానాబీది. మొన్నటి నుంచి మేత ముట్టడం లేదని గద్వాల పశువుల దవాఖానకు తీసుకుపోతోంది. ఆ ముసలమ్మ నవనీత చేతులనే చూసి చూసి ఇక ఉండబట్టలేక, ముందు కూర్చుని తెడ్డు వేస్తున్న వెంకటయ్యను అడిగింది.

"పిల్లకేమైంది వెంకటన్నా, చేతులు గట్ల ఆడిస్తుంది?"

"గాలిమోటరు దించుతుంది" అన్నాడు వెంకటయ్య తల తిప్పకుండానే. "ఇయ్యాల నా బిడ్డకు పరీచ్చ ఉంది."

"దించనియ్యి మరి" అని సుల్తానాబీ మేకను తన వైపు లాక్కుంది, విమానానికి ఎక్కడ అడ్డమొస్తుందోనని.

పరీక్ష. ఆ మాట చెవిన పడగానే నవనీత గాలిలోని స్టీరింగు వదిలేసింది. కళ్ళు తెరిచింది. మూస్తే నలుపు, తెరిస్తే తెలుపు, ఇంతకు మించి తేడా లేదు, పొగమంచు అంత దట్టంగా నది మీద కూర్చుంది. వెనక ఏటి నడుమ దీవిలా వాళ్ళ ఊరున్న గడ్డ లేదు, ముందు గద్వాల వైపు ఒడ్డు లేదు, నాయిన వీపు, ఆ వీపు మీద భుజం దగ్గర పిగిలిన స్వెట్టరు, తెడ్డు నీళ్ళలో పడి లేచే చప్పుడు, మేక వాసన, అంతవరకే లోకం. ఇట్లాంటి తెలుపులోకే కదా విమానం నేర్పే జయశ్రీ మేడం మొదటిసారి తీసుకుపోయింది, హైదరాబాద్‌లో ఫ్లయింగ్ స్కూలు చిన్న విమానంలో, మేఘం లోపలికి. పక్క సీట్లో ఆమె తీరిగ్గా చేతులు కట్టుకుని కూర్చుంటే ఇక్కడ నవనీత ఒళ్ళంతా విమానం కుడికి ఒరుగుతోందని గోల పెట్టింది, చెవుల్లో, తుంటి కింద, పొట్టలో, అన్ని చోట్లా ఒకటే మాట, కుడికి పడిపోతున్నావ్, ఎడమకు తిప్పు. ఎదుటి మీటరు అద్దం వెనక చిన్న విమానం బొమ్మ మాత్రం రెక్కలు సమంగా ఉన్నాయంటోంది. ఎవరిని నమ్మాలి? ఒంటిని నమ్మమని నాయిన నేర్పాడు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కళ్ళకు తువ్వాలు కట్టి పుట్టిలో కూర్చోబెట్టి, ఏటి వాలు ఎటుంది చెప్పు అనేవాడు, చెంప మీద గాలి ఎటు తగులుతుంది, తొడ కింద నీళ్ళు ఎట్లా గుంజుతున్నాయి, ఒడ్డు వాసన ఎటు నుంచి వస్తుంది. "ఒళ్ళు చెప్తది బిడ్డా, ఒళ్ళు అబద్ధమాడదు." జయశ్రీ మేడం సరిగ్గా దాన్ని తిరగేసి చెప్పింది, మేఘంలో నీ ఒళ్ళంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు, ముల్లు ఏం చెబితే అది చెయ్యి, ఒళ్ళు ఏడిస్తే ఏడవనియ్యి. ఎన్ని నెలలు పట్టింది నాయిన పాఠం మీద మేడం పాఠం కూర్చోవడానికి. కూర్చుంది చివరికి. అద్దంలో రెండు ముళ్ళు, నిలువుది రన్‌వే నడిగీత ఎటుందో చెబుతుంది, అడ్డంది దిగాల్సిన వాలు ఎంతో చెబుతుంది, ఆ రెండూ నడుమ కలుసుకుని కదలకుండా ఉంటే నువ్వు సరైన దారిలో దిగుతున్నట్టు, బయట ఏమీ కనిపించకపోయినా సరే. వాటిని నడుమ నిలబెట్టడంలో నవనీతను మించినవాళ్ళు ఆ బ్యాచ్‌లో లేరని మేడమే అంది. మరి పోయినసారి పరీక్ష ఎందుకు పోయింది? ఎందుకు పోయిందో నవనీతకు తెలుసు, అదే బాధ, తెలియకపోతే ఎవరినన్నా తిట్టుకుని ఊరుకునేది.

ఎందుకంటే, ముళ్ళ మీద దిగడానికి ఒక హద్దుంది. డెసిషన్ ఆల్టిట్యూడ్ అంటారు, తేల్చుకోవలసిన ఎత్తు. అక్కడికి వచ్చేసరికి తలెత్తి చూడాలి, రన్‌వే కనిపించిందా దిగు, కనిపించలేదా, ఇంకేం ఆలోచించకు, పూర్తి పవర్ పెట్టు, ముక్కు ఎత్తు, పైకి పో, చుట్టు తిరిగి మళ్ళీ రా. దాన్ని గో అరౌండ్ అంటారు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. పరీక్ష తీసుకునే స్టీఫెన్ సార్ నెమ్మదస్తుడు, ఎన్నడూ గొంతు పెంచడు. బయట కనిపించకుండా ఆమె కళ్ళ మీద అడ్డం పెట్టి, ముళ్ళు చూసుకుంటూ దిగమన్నాడు. దిగింది, ముళ్ళు రెండూ మేకు కొట్టినట్టు నడుమనే ఉన్నాయి. ఆ ఎత్తు వచ్చింది. అడ్డం తీయలేదు సార్. అంటే రన్‌వే కనిపించనట్టే లెక్క. చెయ్యి పవర్ పెంచే థ్రాటిల్ మీదే ఉంది, తోస్తే చాలు. తోయలేదు. ఇంత దూరం వచ్చాక, ఇంత బాగా వచ్చాక, అదిగో అక్కడే ఉంటుంది, ఇంకో రెండు తెడ్లు వేస్తే ఒడ్డు, అని, నిజంగా తెడ్లు అనే అనుకుంది, ఆ ఖర్మేమిటో. రెండు ఊపిర్ల తర్వాత సార్ "నా కంట్రోల్" అని విమానం చేతిలోకి తీసుకుని పైకి లేపాడు. "రన్‌వే కనిపించిందా?" "లేదు సార్." "మరి ఎక్కడికి పోతున్నావమ్మా?" ఆ అమ్మా అన్న మాటే గుచ్చుకుంది ఎక్కువ. ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ అదే సార్, అదే విమానం. సర్కారు స్కాలర్‌షిప్ గడువు ఈ నెలతో సరి, స్టీఫెన్ సార్ రేపు ఊళ్ళో ఉండడు, ఇదే ఆఖరుది. నిన్ననే పోవలసింది, పై ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారని సాయంత్రం పుట్టి తీయలేదు నాయిన, పొద్దున్నే దాటిస్త, మొదటి బస్సుకు ఎక్కిస్త అన్నాడు.

ఎందుకు తోయలేదో స్టీఫెన్ సార్‌కు చెప్పాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి. అమ్మ పార్వతమ్మ పురిటి నొప్పుల నుంచి మొదలుపెట్టాలి. అమ్మకు నొప్పులొచ్చిన పొద్దున కూడా ఇట్లాంటి పొగమంచేనట, నది నడుమకు వచ్చేసరికి ఏమీ కనిపించక, అమ్మ వాళ్ళమ్మ మర్లుదాం, వెనక్కి పోదాం అని ఏడిస్తే నాయిన వినలేదట, నడిమేరు దాటినంక మర్లుడు లేదు అని తెడ్డు వేస్తూనే ఉన్నాడట. గద్వాల దవాఖాన మెట్ల మీదే పుట్టింది నవనీత. పుట్టినరోజు వచ్చిందంటే చాలు ఆ కథ, చుట్టాలొస్తే ఆ కథ, స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు ఎమ్మార్వో ఆఫీసులో కూడా అదే కథ. పుట్టోళ్ళ ఇండ్లలో అది నియమం, తాత నుంచి వచ్చింది, దానికి అర్థం కూడా ఉంది, గుండ్రటి పుట్టిని నడి ప్రవాహంలో వెనక్కి తిప్పితే గిర్రున సుడి తిరుగుతుంది, అందుకని సగం దాటాక ముందుకే. ఇంటి పరువు కూడా దాని మీదే నిలబడింది, వెంకటయ్య మర్లడు అంటారు గడ్డ మీద, మెచ్చుకోలుగా అంటారు. మర్లని మనిషి కడుపున పుట్టి, మర్లనందుకే పుట్టి, థ్రాటిల్ తోసి వెనక్కి లేవమంటే చెయ్యి ఎట్లా వస్తుంది? రావాలి, ఇవాళ వచ్చి తీరాలి, రాత్రంతా ఆ ఒక్క పనే చేయించింది చేతితో, తోయి, ఎత్తు, పైకి పో, తోయి, ఎత్తు, పైకి పో.

అందుకే బయలుదేరే ముందు ఒడ్డున ఆ మాట అంది. విమానంలో దిగడం మొదలుపెట్టక ముందే ఎంత ఎత్తులో తేల్చుకోవాలో, కనిపించకపోతే ఎటు పోవాలో పైకి చదువుకుంటారు, పనిలో పడ్డాక బుద్ధి మన మాట వినదని. "నాయినా, ఏనుగుగుండు దాకా పోదాం. గుండు కాడికి పోయినంక ఒడ్డు మీది సెల్ టవరు కనవడాలె. కనవడకుంటే మర్లుదాం." ఏనుగుగుండు నది నడుమన ఉన్న నల్ల బండ, మామూలు రోజున అక్కడి నుంచి టవరు చేతికందేటట్టు కనిపిస్తుంది. అవతల పుట్టి ఆగే చోటు రెండు బండల మధ్య ఇరుకు సందు, అది తప్పితే దిగువన గుండ్ల వరస, నిన్న వదిలిన నీళ్ళు దాని మీద విరుచుకుపడుతున్న మోత ఊళ్ళోకే వినిపిస్తోంది. వెంకటయ్య నవ్వాడు. "ఇది నీ గాలిమోటరు కాదు బిడ్డా. బస్సు పోతే నీ పరీచ్చ ఎవరు రాస్తరు?" ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? ఒప్పుకున్నట్టే అనుకుంది నవనీత, ఆమెకు కూడా బస్సే కావాలి కాబట్టి ఎక్కువ తరచి అడగలేదు.

తెడ్డు చప్పుడు, నవనీత మనసులో ముళ్ళు నడుమన, వేగం సరిగ్గా ఉంది, ఎత్తు తగ్గుతోంది, సుల్తానాబీ ఏదో దువా చదువుకుంటోంది, మేక ఒకసారి అరిచి ఊరుకుంది, అదీ భయపడిందేమో. గుండ్ల మోత ఎడమ నుంచి రావాలి. ఎడమ నుంచే వస్తోందా? ముందు నుంచి కూడా వస్తున్నట్టుంది, పొగమంచులో మోత దుప్పటి కప్పినట్టు అన్ని వైపుల నుంచీ వస్తుంది. వెంకటయ్య తెడ్డు ఆపి చెవి పెట్టాడు. మళ్ళీ వేశాడు. నాయిన తెడ్డు ఆపి చెవి పెట్టడం నవనీత ఇంతకుముందు చూడలేదు. అంతలో తెడ్డు టక్‌మని రాయికి కొట్టుకుంది, తడి నల్లబండ ఒకటి తెలుపులోంచి బయటికొచ్చి పుట్టి అంచును రాసుకుంటూ పోయింది.

"గుండు" అన్నాడు వెంకటయ్య.

తలెత్తి చూసింది. టవరు లేదు. టవరు ఉండాల్సిన చోట, ఉండకూడని చోట, అంతటా ఒకటే తెలుపు. నాయిన తెడ్డు వేశాడు. నవనీత నోరు తెరిచింది గాని మాట రాలేదు. బస్సు, స్టీఫెన్ సార్, ఈ నెలతో సరి, అమ్మ సద్ది కట్టి ఇస్తూ ఈసారి అయితది పో అన్న మాట, సగం వచ్చేశాం, సగం కంటే ఎక్కువే, ఇంకో రెండు తెడ్లు, ఇంకో తెడ్డు పడింది, గుండు వెనక్కి పోయి కరిగిపోయింది. మరి ఎక్కడికి పోతున్నావమ్మా? ఛీ, సిగ్గులేని బుద్ధి, రాత్రంతా చేతికి నేర్పింది, నోటికి నేర్పలేదు. వణుకుతున్న వేళ్ళతో ఫోన్ తీసి దిక్సూచి తెరిచి, నాయిన తెడ్డు వేస్తున్న వైపు చాపింది. గద్వాల ఒడ్డు దక్షిణం. ముల్లు తూర్పు చూపిస్తోంది, తూర్పు కూడా దాటి కొంచెం ఉత్తరం. ఒడ్డుకు కాదు, ఏటి వాలు పట్టుకుని తిన్నగా గుండ్ల మీదికి పోతున్నారు. ఒళ్ళు మాత్రం ఒడ్డుకే పోతున్నాం అంటోంది, నాయిన వీపు కూడా అదే అంటోంది, ఎంత నిబ్బరంగా అంటోందో ఆ వీపు.

"మర్లు నాయినా" అంది నవనీత.

"ఒడ్డు ఇంకెంత, రెండు తెడ్లు" అన్నాడు.

"టవరు కనవడ్తలేదు. మర్లుతున్నం."

"నడిమేరు దాటినంక..."

"దాటలే. తూర్పుకు పోతున్నం మనం. మర్లాలె."

"సెల్లు చూసి కృష్ణ దాటుతవా నువ్వు?" వెంకటయ్య గొంతులో కోపం ఉంది, కోపం కింద ఇంకేదో ఉంది, అదేమిటో చూసే తీరిక నవనీతకు లేదు. అడుగున పడి ఉన్న రెండో తెడ్డు తీసుకుంది. తోయి. నీళ్ళలో దించి బలమంతా పెట్టి లాగింది. పుట్టి సుడి తిరగడం మొదలుపెట్టింది, తాత చెప్పినట్టే, నాయిన చెప్పినట్టే, మేక కాళ్ళు విడిచేసి కూలబడింది, సుల్తానాబీ దాని మెడ చుట్టూ చేతులు వేసి, "మర్లు వెంకటన్నా, నాకేం జల్దీ లేదు, మేకకు గూడ లేదు" అంది. విమానంలో కూడా మొదట ఇట్లాగే ఉంటుంది, ఒక్కసారిగా పవర్ ఇచ్చేసరికి ముక్కు అటూ ఇటూ కొట్టుకుంటుంది, భయపడి వదిలేస్తే పోతావు, పట్టి నిలబెట్టాలి. "నాయినా, తెడ్డు ఆ పక్క ఎయ్యి. నేను ఈ పక్క ఏస్త. ఏస్తవా ఎయ్యవా?" పుట్టి ఇంకో చుట్టు తిరిగింది. ఆ తర్వాత వెంకటయ్య తెడ్డు అటు పక్క పడింది. సుడి ఆగింది. ఉత్తరం, గడ్డ ఉత్తరాన ఉంది, ఏటి పొడుగునా పరుచుకుని ఉంది, ఎక్కడ తగిలినా ఇల్లే, ఇరుకు సందు వెతుక్కునే పని లేదు. పైకి లేచినవాడికి ఆకాశమంతా ఉందని మేడం చెప్పేది. కాని నీళ్ళు పక్కకు తోస్తాయి, నేరుగా ఉత్తరం పోతే గడ్డ చివర దాటి కొట్టుకుపోతాం, గాలి పక్క నుంచి కొట్టినప్పుడు ముక్కును గాలి వైపు కొంచెం పెట్టుకుని పోవాలి, ఉత్తరానికి పడమటి వైపు, ఇంకొంచెం, చాలు, ఇట్లాగే పట్టు. ఫోన్‌ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ముల్లు చూస్తూ తెడ్డు వేసింది. "కిందికి తీస్కపోతున్నవ్ బిడ్డా" అన్నాడు వెంకటయ్య, గొంతు చిన్నగా అయిపోయింది. నవనీత ఒళ్ళు కూడా ఔనౌను కిందికే పోతున్నాం అంది. ఏడవనియ్యి. ముల్లు నడుమన ఉంది. ముల్లు నడుమన ఉంది. భుజాలు మండుతున్నాయి, అరచెయ్యి బొబ్బెక్కి చిట్లినట్టుంది, గుండ్ల మోత ఇప్పుడు కుడి చెవికి వచ్చింది, కుడికి వచ్చి సన్నబడుతోంది, దేవుడా, సన్నబడుతోంది. ఈ పాటికి బస్సు డిపోలోంచి బయటికి వచ్చి ఉంటుంది, డ్రైవరు వెనకాల మూడో సీటు ఆమెకు ఇష్టం, అది ఖాళీగా పోతుంది, పోనీ. పోనీ అనుకోగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తెడ్డు వేసింది, రెండు పనులూ ఒకేసారి చేయవచ్చునని ఆమెకు అప్పుడే తెలిసింది.

జమ్ము గడ్డి బరబరమని పుట్టి అంచుకు రాసుకుంది. ముందుగా మేక దిగింది. ఊరి రేవుకు చాలా దిగువన, ఎవరి జొన్నచేనో పక్కన తేలారు. సుల్తానాబీ ఒడ్డున చతికిలబడి, చెప్పులు వెతుక్కుని, రెండూ ఉన్నాయని చూసుకుని, అప్పుడు నవనీత తల మీద చెయ్యి పెట్టింది. మేక జొన్నాకు వాసన చూసి, మొన్నటి నుంచి ముట్టనిది, ఒక ఆకు తెంపుకుంది. నవనీత ఫోన్‌లో సిగ్నల్ వెతికి, చేను గట్టెక్కి, స్టీఫెన్ సార్‌కు ఫోన్ చేసింది. మాట తడబడకుండా చెప్పాలనుకుంది, తడబడింది. నదిలో పొగమంచు సార్, సగం దాకా వచ్చి ఒడ్డు కనిపించక వెనక్కి వచ్చేశాం, బస్సు పోయింది సార్. ఆయన, "నేను వెలుతురు ఉన్నంత వరకు ఉంటాను. వస్తే ఎగురుదాం. రాకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు" అన్నాడు. అంతే, మెచ్చుకోలూ లేదు, కోపమూ లేదు. ఇంకో బస్సు ఉంది, అది వనపర్తి చుట్టూ తిరిగి పోతుంది, పొగమంచు తొందరగా లేస్తే అందుతుంది, లేవకపోతే లేదు. అందితే ఎగురుతుంది, కనిపించకపోతే పైకి లేస్తుంది, మళ్ళీ తిరిగి వస్తుంది. లోపల ఏదో కుదురుకుంది.

గట్టు దిగి వచ్చేసరికి వెంకటయ్య పుట్టి అంచు మీద కూర్చుని బీడీ వెలిగించకుండానే పట్టుకుని ఉన్నాడు. నవనీత పక్కన కూర్చుంది. కోపంగా ఉన్నాడనుకుంది, సర్దిచెప్పడానికి మాటలు వెతుక్కుంటోంది. ఊళ్ళో రేపటి నుంచి వెంకటయ్య మర్లిండట అంటారు, అది తన వల్లే కదా.

"గుండు తగిలింది గద" అన్నాడు వెంకటయ్య, నీళ్ళ వైపు చూస్తూ. "అది మనకు ఏ పక్కనుండెనో నాకు తెల్వలే."

నవనీత ఆయన వైపు తిరిగింది. "గుండు కాడనా?"

"గుండు కంటే ముంగటి నుంచే. చెవి పెట్టిన, చెంప పెట్టిన, ఏం తెల్వలే. ఒడ్డు ఎటుందో తెల్వకుండనే తెడ్డేస్తున్న."

"మరి చెప్పలేదేంది నాయినా?"

"ఎన్నడు జెప్పలే బిడ్డా" అన్నాడు. "మీ అమ్మను తీస్కపోయిన దినం గూడ తెల్వలే. ఒడ్డు దానంతటదే వచ్చి తగిలింది. గప్పటి సంది మర్లలేదు మర్లలేదు అని అందరు అంటుంటే, ఇంగ ఎట్ల చెప్పాల."

పుట్టినరోజుల కథ, చుట్టాలకు చెప్పిన కథ, ఎమ్మార్వో ఆఫీసులో చెప్పిన కథ. నవనీతకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తేలలేదు. నాయిన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, ఆమె చెయ్యి లాగే వణుకుతోంది, ఇంతసేపూ తనొక్కతే వణుకుతోందనుకుంది.

పొద్దు కాస్త పైకొచ్చింది. నీళ్ళ మీద తెలుపు పలచబడి, దూరంగా ఏనుగుగుండు వీపు కొంచెంగా తేలింది, మళ్ళీ మునిగింది, మళ్ళీ తేలి నిలబడింది. టవరు ఇంకా లేదు. నవనీత లేచి తెడ్డు అందుకుని, బొబ్బ మీద చున్నీ కొంగు చుట్టుకుంది.

"గుండు దాకా పోయి చూద్దాం నాయినా. టవరు కనవడకుంటే ఏం జేస్తం?"

వెంకటయ్య పుట్టిని నీళ్ళలోకి తోశాడు. సుల్తానాబీ ఎక్కింది, మేకను బలవంతంగా ఎక్కించారు, నవనీత ఎక్కి కూర్చుంది, చివరగా ఆయన ఎక్కి ముందు కూర్చుని, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని బిడ్డ వైపు తిరిగాడు. తెడ్డు వేసేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూడగా ఆమె ఎన్నడూ ఎరగదు.

"మర్లుతం" అన్నాడు.